తల పసుపు, జుట్టు లేదు, కొండ గుండ్ల మధ్య కనిపించింది: అది ఏ పిగిలిపిట్ట?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. అనంతపురం వైపు మీ ఊరి పక్కనున్న రాతి కొండ ఎక్కుతుంటే, పొద్దున్నే గుండ్ల మధ్య కంపలో పిగిలిపిట్ట అంత పక్షి కనిపించింది. తల మీద జుట్టు లేదు. తల, గొంతు పసుపు. ఫోటో తీస్తే మసకగా వచ్చింది. ఫోన్లో మెర్లిన్ యాప్ పెడితే కూత విని ‘వైట్ బ్రౌడ్ బుల్బుల్’ అంది. పుస్తకం తిరగేస్తే మీకు ‘యెల్లో థ్రోటెడ్ బుల్బుల్’ లాగా అనిపించింది. ఇందులో ఏది నిజం, మళ్లీ చూడాలంటే ఎలా, చూశానని నలుగురికీ చెప్పొచ్చా అని అడిగారు.

యాప్ కన్నా మీ కన్నే కరెక్ట్. అది యెల్లో థ్రోటెడ్ బుల్బులే అని నేను తొంభై పాళ్లు చెప్పగలను. మీ ఫోటో ఎంత మసకగా ఉన్నా రెండు సంగతులు తెలుస్తున్నాయి. తల రంగూ గొంతు రంగూ ఒకటే, మధ్యలో ఎక్కడా గీత లేదు. కంటి మీద తెల్ల గీత లేదు. మిగిలిన పది పాళ్లు తోక చివర చూస్తే తేలుతుంది. అది ఫోటోలో ఆకుల వెనక పడింది.

ముందు పేరు సంగతి చెప్తాను, ఎందుకంటే తెలుగులో దీనికి పేరు లేదనుకునేవాళ్లే ఎక్కువ. శుభ్రమైన పేరుంది: కొండ పొద పిగిలి. మామూలు ఎర్రముడ్డి పిగిలిపిట్ట కాకుండా, పొదల్లో నక్కి తిరిగే తెల్లకనుబొమ్మ పిగిలిని, అంటే యాప్ చెప్పిన ‘వైట్ బ్రౌడ్’నే, పొద పిగిలి అంటారు. దాని తోబుట్టువులా ఉండి కొండని వదలనిది కొండ పొద పిగిలి. ఈ పేర్లని కాగితం మీద పెట్టింది జెర్డన్ అనే డాక్టరు. 1840లలో నెల్లూరులో సర్జన్‌గా పనిచేశాడు. కలివికోడి అనే అరుదైన పక్షిని శాస్త్రానికి పరిచయం చేసిన జెర్డనే ఈయన. ఈ పిగిలిని కూడా 1845లో ఆయనే మొదట వర్ణించాడు. చూసిన పక్షికి ఊరివాళ్లు ఏమంటారో అడిగి రాసుకునే అలవాటు ఆయనకి ఉండబట్టి మనకి ఆ పేరు మిగిలింది. మూడు మాటల్లో అది ఎక్కడుంటుందో, ఎలా తిరుగుతుందో, ఎవరి చుట్టమో అన్నీ ఉన్నాయి. ఇంగ్లీషు పేరులో ఉన్నది గొంతు రంగు ఒక్కటే.

ఇక పోలికల దగ్గరికి వద్దాం. తికమక అంతా ఇక్కడే.

పొద పిగిలి, కొండ పొద పిగిలి రెండూ దాదాపు 20 సెంటీమీటర్ల పక్షులే. రెండింటికీ జుట్టు ఉండదు. రెండింటికీ తోక కింద పసుపు ఉంటుంది. అందుకని కింద పసుపు కనిపించింది కాబట్టి ఇదే అని ఎప్పుడూ అనుకోవద్దు. ఇంకో చిక్కు కూడా ఉంది. పొద పిగిలికి గడ్డం దగ్గర, మీసాల దగ్గర కాస్త పసుపు ఉంటుంది. ఎండ పక్క నుంచి పడితే ఆ కాస్తే గొంతంతా పసుపులా కొడుతుంది. దూరం నుంచి చూసి ‘గొంతు పసుపు’ అని రాసేవాళ్లలో సగం మంది ఇక్కడే బోల్తా పడతారు. నేనూ పడ్డాను, ఆ కథ తర్వాత.

తేడా చూడాల్సింది ముఖంలో. పొద పిగిలికి కంటి పైన తెల్లటి గీత, కంటి కింద ఇంకో తెల్లటి వంపు, ఆ రెండింటి మధ్య కంటి మీదుగా నల్లటి చార ఉంటాయి. ఎవరో పెన్సిల్‌తో గీసినట్టుంటుంది ముఖం. కొండ పొద పిగిలికి ముఖం మీద ఏ గీతా ఉండదు. తలంతా ఆకుపచ్చ కలిసిన పసుపు, గొంతుకి వచ్చేసరికి ఇంకాస్త నిండు పసుపు. దాని కింద రొమ్ము బూడిద రంగు. ఆ పసుపూ బూడిదా కలిసే చోట రంగు చప్పున మారిపోతుంది, మెల్లగా కరిగిపోదు. నాకైతే దూరం నుంచి గుర్తుపట్టడానికి ఈ రొమ్ము దగ్గరి మార్పే ఎక్కువ పనికొచ్చింది.

తోక సంగతి. కొండ పొద పిగిలికి ముదురు రంగు తోక చివర లేత పసుపు అంచు. కూర్చున్నప్పుడు సరిగా కనపడదు. ఎగిరి ఇంకో పొదలోకి దూరేటప్పుడు తోక విప్పుతుంది చూడండి, ఆ అరక్షణంలో చివరంతా పసుపుగా మెరుస్తుంది. పొద పిగిలి తోకకి ఆ మెరుపుండదు. కాబట్టి పక్షి ఎగిరిపోతోందని కెమెరా దించేయొద్దు, అసలు ఫోటో అదే.

పడమటి కనుమల్లో ‘యెల్లో బ్రౌడ్ బుల్బుల్’ అని ఇంకొకటి ఉంది. పేర్లు దగ్గరగా ఉండటంతో కలిపేస్తుంటారు. అది తడి అడవి పక్షి, గొంతు నుంచి పొట్ట దాకా అంతా పసుపే. మీ కొండ మీదికి అది రాదు, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

యాప్ ఎందుకు తప్పు చెప్పింది? ఈ రెండింటి కూతలూ బాగా దగ్గర. గబగబా, నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించినట్టు ఉండే ఆ వరస వినడానికి పాతిక ఏళ్లుగా తిరుగుతున్న నాకే చాలాసార్లు తేడా తెలియదు. పైగా గుండ్ల మధ్య కూత ఒక రాతికి కొట్టుకుని ఇంకో రాతి నుంచి వినిపిస్తుంది, ఎక్కడి నుంచి వస్తోందో కూడా అర్థం కాదు. యాప్‌కి పొద పిగిలి రికార్డింగులు బోలెడు దొరికి ఉంటాయి, ఎందుకంటే అది తోటల్లోకీ పెరళ్లలోకీ వస్తుంది. కొండని వదలని ఈ పక్షివి అన్ని దొరకవు. నా పద్ధతేమిటంటే, యాప్ ‘వైట్ బ్రౌడ్’ అన్నప్పుడు నేను రాతి కొండ మీద ఉంటే దాన్ని సమాధానంగా తీసుకోను. ఇక్కడ ఆగి చూడమని చెప్పినట్టు లెక్కేసుకుంటాను. రెండు జాతులూ ఒకే కొండ మీద ఉండొచ్చు కూడా. పొద పిగిలి పాదం దగ్గరి కంపల్లో, ఇది పైన గుండ్లలో. మీరు పైనున్న పక్షిని ఫోటో తీస్తూ కింది పక్షి కూత రికార్డు చేసి ఉండటానికి కూడా అవకాశం ఉంది. నాకు అలా జరిగింది.

ఇప్పుడు నేను బోల్తా పడ్డ కథ. మొదట్లో ఒక కొండ మీద, పూలగెల వేసిన కిత్తనార దగ్గర, తలంతా పసుపుగా ఉన్న పిగిలిని చూశాను. జుట్టు సరిగా కనిపించలేదు. ఇంటికొచ్చి నోటుపుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకుని నలుగురికీ ఫోన్లు కూడా చేశాను. తర్వాతి వారం ఒక స్నేహితుణ్ని తీసుకెళ్లి చూపించాను. అతను బైనాక్యులర్ దించకుండానే ‘అది పుప్పొడి, దించు’ అన్నాడు. మామూలు ఎర్రముడ్డి పిగిలిపిట్ట! పూలలో తల దూర్చి దూర్చి నుదురు, బుగ్గలు పుప్పొడి పూసుకుంది. తోక కింద ఎర్రగా ఉందో లేదో నేను చూడనే లేదు, చూడాలని తట్టలేదు. చూడాలనుకున్న పక్షి కనిపించిందనిపిస్తే మిగతా ఒళ్లు చూడటం మానేస్తాం. అప్పట్నుంచి తల మీద పసుపు కనిపిస్తే ముందు తోక కింద చూస్తాను. మీకు కనిపించిన పక్షి చుట్టుపక్కల పూలున్నాయా అని అడుగుదామనుకున్నాను, కానీ ఫోటోలో రొమ్ము బూడిద రంగు తెలుస్తోంది కాబట్టి ఆ అనుమానం లేదు.

ఇది రాతి కొండనే ఎందుకు పట్టుకుని ఉంటుంది అని మీరు అడగలేదు. కానీ అది తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

అనంతపురంలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. చదునైన నేల మీద ఆ వానకి వచ్చేది పల్చటి కంప. కొండ మీద లెక్క వేరు. నున్నటి బండ మీద పడిన చుక్క ఇంకదు, జారి బండ అంచుకి పోతుంది. ఇంటి చూరు నీళ్లు ఒకే చోట పడ్డట్టు, పెద్ద బండ మీద పడిన వానంతా దాని పాదం దగ్గరి పగుల్లోకి చేరుతుంది. ఆ పగుల్లో మట్టి పేరుకుని ఉంటుంది, నీడ ఉంటుంది. అంటే ఆ చెట్టుకి అందేది 550 మిల్లీమీటర్లు కాదు, అంతకు ఎన్నో రెట్లు. అందుకే చుట్టూ అంతా మాడిపోయిన ఏప్రిల్‌లో కూడా గుండ్ల సందుల్లో జువ్వి చెట్టు పచ్చగా కనిపిస్తుంది. దాని చుట్టూ బలుసు, పరిమి, కలివి పొదలు. ఏదో ఒకటి కాయ మీద ఉంటుంది. పండ్లు, వాటితో పాటు పురుగులు, ఇవే ఈ పిగిలి తిండి. ఎండ మండిపోతే దూరడానికి గుండు కింద చల్లటి సందు. గద్ద వస్తే దాక్కోవడానికి ముళ్లపొద. కొండ దిగితే ఇవన్నీ ఒక్కచోట దొరకవు.

కాబట్టి కొండంతా వెతకొద్దు. రాతి పాదం, పగులు, పండ్ల పొద, నీళ్లు, ఈ నాలుగూ కలిసే చోటు వెతకండి. ఒక మామూలు కొండకి అలాంటివి రెండు మూడు చోట్లు ఉంటాయి, అంతే. మొత్తం దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పక్షి ఇది. మదనపల్లె దగ్గరి హార్సిలీ కొండ, బెంగళూరు పక్కన నంది కొండ, సావనదుర్గ, రామనగర, ఇంకా హంపి చుట్టుపక్కల, ఎక్కడ చూసినా ఇలాంటి చోట్లలోనే ఉంటుంది. రామనగర పాత పేరు క్లోజ్‌పేట. ఆ ఊరి పేరు మీదే పిలిచే క్లోజ్‌పేట గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అంత పాత రాయి పగిలి, గుండ్లుగా విడిపోయి, మధ్యలో మట్టి చేరితే తయారైన ఇల్లు ఇది.

ఎలా చూడాలంటే, నా అనుభవంలో నడిస్తే కనపడదు, కూర్చుంటే కనపడుతుంది. మనిషి అలికిడికి పొదలోంచి పొదలోకి జారుకుంటుంది. మీ కొండ మీద దొన, అంటే బండలో నీళ్లు నిలిచే గుంట, ఉందేమో పశువుల కాపర్లని అడగండి. వాళ్లకి ప్రతి దొనా తెలుసు, ఏ నెల దాకా నీళ్లుంటాయో కూడా తెలుసు. మార్చి నుంచి వానలు పడేదాకా దొన దగ్గర కూర్చుంటే మీరు పక్షిని వెతకక్కర్లేదు.

ఒక మే నెలలో అలా కూర్చున్నాను. దొనలో నీళ్లు చాటంత మిగిలున్నాయి, పైన నాచు. ఏడున్నర దాకా నల్లంచి, రెండు మామూలు పిగిలిపిట్టలు, ఒక ఉడత వచ్చి పోయాయి. తర్వాత ఎదురు గుండు అంచున ఉన్న పరిమి పొదలో ఆకులు కదిలాయి, పక్షి కనపడలేదు. చాలాసేపు అంతే. ఆకుల మధ్య నుంచి ముందు ఒక పసుపు తల బయటికి వచ్చింది, పక్కకి తిరిగి ఒక కంటితో నన్నే చూసింది. మళ్లీ లోపలికి పోయింది. ఈసారి కొమ్మ చివరికి వచ్చి, రాతి మీదికి దిగి, నిటారుగా కాకుండా ఒళ్లు రాతికి ఆనేంత వంగి, గెంతుతూ నీళ్ల దాకా వచ్చింది. మూడు గుక్కలు. ప్రతి గుక్కకీ తల ఎత్తి గొంతు సాచినప్పుడు ఆ పసుపు మీద ఎండ పడింది. మూడో గుక్క తర్వాత రెండోది పొదలోంచి పిలిచింది. ఇది తోక విప్పి ఎగిరింది, చివర పసుపు అంచు కనిపించింది, రెండూ గుండు వెనక్కి పోయాయి. మొత్తం నిమిషం కూడా కాదు. దానికి ముందు రెండున్నర గంటలు కూర్చున్నాను.

మీరు దొన మీదే కూర్చుంటే ఏ పక్షీ రాదు. కనీసం పాతిక అడుగుల దూరంలో, వెనక రాయి ఉండేలా కూర్చోండి. ఫోన్లో దాని కూత పెట్టి పిలవొద్దు. వస్తుంది, నిజమే. ఇంకో పక్షి తన చోటులోకి చొరబడిందనుకుని తిండి మానేసి కొట్లాటకి వస్తుంది. గూడు కోసం పొదలు తొలగించి వెతకడం అసలే వద్దు.

జాగ్రత్తలు రెండు. ఇవి సరదాకి చెప్పేవి కావు. మొదటిది ఎలుగుబంటి. ఈ పిగిలికి నచ్చే గుండ్ల సందులే దానికీ నచ్చుతాయి, పరిమి పండ్లు దానికీ ఇష్టం. హంపి దగ్గర దరోజిలో ఎలుగుబంట్ల కోసమే ఒక అభయారణ్యం ఉంది, అదే ఈ పిగిలికీ పేరున్న చోటు. తెల్లవారకముందే ఒంటరిగా ఎక్కొద్దు, ఎండ కాస్త వచ్చాక, తెలిసిన కాపరితో వెళ్లండి. గుహ లాంటి సందుల్లోకి తొంగి చూడొద్దు. రెండోది పెర తేనెటీగలు. నిటారు బండ మీద నల్లటి పట్టు వేలాడుతుంటే ఆ పక్కకి పోవద్దు, సెంటు పూసుకుని అసలు వెళ్లొద్దు. ఒకసారి మా గుంపులో ఒకతను సిగరెట్ వెలిగించాడు. తర్వాత అందరం కొండ ఎలా దిగామో నాకు ఇప్పటికీ సరిగా గుర్తులేదు.

ఇక చివరి ప్రశ్న, చెప్పొచ్చా వద్దా. చెప్పండి, కానీ సరైన చోట. పక్షుల్ని చూసినవాళ్లు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో తేదీ, టైము, ఎన్ని పక్షులు, ఫోటో పెట్టి ఎంట్రీ చేయండి. కొండ పేరు చాలు, ఏ దొన, ఏ పొద అని రాయక్కర్లేదు. రీల్ చేసి మ్యాప్ పిన్ పెడితే ఆదివారానికి పదిమంది స్పీకర్లతో వస్తారు. పక్షుల్ని పట్టడం, గూళ్లు కదపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, అది ఎవరైనా చేస్తుంటే అటవీ శాఖకి చెప్పండి.

ఎంట్రీ చేయమని ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, ఈ పక్షిని అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ముప్పున్న జాతిగానే పెట్టారు, ఆ ముప్పుల్లో పెద్దది గ్రానైట్ క్వారీ. చెట్లు నరికితే పదేళ్లకో ఇరవై ఏళ్లకో మళ్లీ పెరుగుతాయి. గుండు కోసి లారీ ఎక్కిస్తే అక్కడ మళ్లీ గుండు మొలవదు, పగులు ఉండదు, దొన ఉండదు. నేను ఏళ్ల తరబడి వెళ్లిన ఒక చిన్న కొండ ఇప్పుడు సగమే ఉంది. క్వారీ మొదలయ్యేటప్పుడు ఊళ్లో కొందరు అర్జీ పెట్టారు. అర్జీ తీసుకున్నవాళ్లు ‘అక్కడ ఏముంది, ముళ్లకంపే కదా’ అన్నారు. ఏముందో చూపించడానికి ఎవరి దగ్గరా కాగితం లేదు. నా నోటుపుస్తకాల్లో ఉంది, కానీ అవి నా అల్మారాలో ఉన్నాయి. అప్పటికి నేను ఎక్కడా నమోదు చేయలేదు. ఎంట్రీలు ఉంటే ఆగిపోయేదని చెప్పలేను, అడగడానికి ఒక ఆధారమైనా ఉండేది.

మీరు అడిగిన ఇంకో చిన్న మాట మరిచాను, కొండ మీద మొక్కలు నాటితే ఈ పక్షికి మంచిదా అని. మంచి మనసుతోనే అడిగారు, కానీ నా సలహా వద్దనే. నేను చూసినంతలో గుంతలు తీయడానికి ముందుగా కొట్టేసేది పరిమి, బలుసు, కలివి పొదలనే. వాటి చోట వచ్చే వేప, కానుగ ఆ పొదల లోటు తీర్చవు. లాంటానా అనే కలుపు పొద పండ్లు తింటుంది, అలాగని లాంటానాని పెంచాలనీ కాదు, ఒక్క రోజులో మొత్తం పీకేయాలనీ కాదు. సొంత పొదలు లేచే కొద్దీ కాస్త కాస్త తీస్తే సరిపోతుంది. ఏదైనా చేయాలనిపిస్తే ఎండాకాలం కొండకి నిప్పు పడకుండా చూడండి, దొనలో పేరుకున్న ప్లాస్టిక్ తీయండి.

మళ్లీ వెళ్లినప్పుడు అదే పొద దగ్గరికి వెళ్లండి. ఇది వలస పక్షి కాదు, ఏడాది పొడవునా ఆ కొండ మీదే ఉంటుంది. రెండో పక్షి కూడా ఉందేమో చూడండి, జంటగానో నాలుగైదు కలిసో తిరుగుతాయి. తోక ఫోటో వస్తే పంపండి, ఆ మిగిలిన పది పాళ్లు కూడా తేల్చేద్దాం.